నగరంలో నడిమి ఉద్యోగాలు ఏమయ్యాయి?

మహానగరాల్లో ఉద్యోగాలు, ఆదాయాల గురించి వచ్చిన ఉత్తరాల్లో మూడింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం. మిగిలిన రెండు ప్రశ్నలకూ మూలం మొదటి ఉత్తరంలోనే ఉన్నందువల్ల దానికి ఎక్కువ చోటు కేటాయించాం.

ప్రశ్న: ఒక మహానగరంలో ఒక ప్రైవేటు సంస్థ అకౌంట్స్ విభాగంలో ఇరవై రెండేళ్లు పనిచేశాను. నేను చేరిన రోజుల్లో ఆ గదిలో పద్నాలుగు మందిమి ఉండేవాళ్లం. పోయిన సంవత్సరం నన్ను పంపించేసిన తరువాత ముగ్గురే మిగిలారు. అదే భవనం పై అంతస్తుల్లో నాకంటే బాగా చిన్నవాళ్లు నా జీతానికి ఎన్నో రెట్లు తీసుకుంటున్నారు. కింద చూస్తే కాపలా కాసేవాళ్లు, శుభ్రం చేసేవాళ్లు, పార్సిళ్లు తెచ్చేవాళ్లు ఏటేటా పెరుగుతున్నారు. నగరం సంపన్నమవుతోందని అందరూ అంటున్నారు. మరి మావంటి వాళ్లకు చోటెందుకు లేకుండా పోయింది? లోపం నాదేనా?

జవాబు: లోపం మీది కాదు. ఆ మాట ముందుగా చెప్పాలి, ఎందుకంటే మీలాగే ఉద్యోగం పోయినవాళ్లలో చాలామంది ఆ నిందను తమమీదే వేసుకుని ఏళ్ల తరబడి కుమిలిపోతారు. మీరు ఒకే భవనంలో చూసిన మార్పును ఆర్థికవేత్తలు ఉద్యోగాల ధ్రువీకరణ అంటారు. ఆ మాట వినగానే మనకు ధ్రువీకరణ పత్రాలే గుర్తుకొస్తాయి కనుక ఇక్కడ దాన్ని ‘రెండు కొసల పెరుగుదల’ అనుకుందాం. మార్టెన్ గూస్, ఆలన్ మానింగ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1975 నుంచి 1999 వరకు బ్రిటన్‌లోని ఉద్యోగాలను జీతాల వరుసలో పేర్చి చూశారు. పై కొసన ఉన్న మేనేజర్లు, ఆర్థికరంగ నిపుణుల ఉద్యోగాలు పెరిగాయి. కింది కొసన ఉన్న సేవల పనులూ పెరిగాయి. తగ్గినవి నడుమ ఉన్న గుమాస్తా ఉద్యోగాలు, కర్మాగారాల్లోని నైపుణ్యపు పనులు.

నడుమ ఉన్నవే ఎందుకు తగ్గాయనే దానికి అమెరికా ఆర్థికవేత్తలు డేవిడ్ ఆటర్, ఫ్రాంక్ లెవీ, రిచర్డ్ మర్నేన్ 2003లో ప్రచురించిన పరిశోధన దారి చూపింది. కంప్యూటర్ తెలివి తక్కువ పనిని కాక, నియమాలుగా రాయగలిగిన పనిని లాక్కుంటుందన్నది వారి వాదన. మీ విభాగాన్నే తీసుకోండి. సరుకు కోసం సంస్థ ఇచ్చిన ఆర్డరు, సరుకు ముట్టినట్టు గోదాము రాసిచ్చిన కాగితం, అమ్మినవారు పంపిన బిల్లు, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని, లెక్కా ధరా సరిపోయాయని చూసి, సంతకం చేసి, పద్దులోకి ఎక్కించడం శ్రద్ధ, నిజాయితీ, కొన్నేళ్ల అలవాటు కావలసిన పని. అయినా ‘మూడు అంకెలూ ఒకటైతే చెల్లించు, కాకపోతే ఆపు’ అని ఒక వాక్యంలో చెప్పగలిగిన పని కూడా. అంకెలు కుదిరిన బిల్లులన్నీ యంత్రానికి వెళ్లాయి. కుదరనివాటిని ఫోన్లు చేసి, పాత సంగతులు తవ్వి తేల్చడానికి ఆ ముగ్గురు మిగిలారు. మీ పద్నాలుగు మంది శ్రద్ధకు విలువ లేక కాదు, ఆ శ్రద్ధలో ఎక్కువ భాగాన్ని నియమంగా రాయడం సాధ్యమైంది కనుక ఆ గది ఖాళీ అయింది.

ఇది మహానగరంలో మరింత కొట్టొచ్చినట్టు కనిపించడానికి వేరే కారణం ఉంది. న్యూయార్క్, లండన్, టోక్యో నగరాలను పరిశీలించి సామాజిక శాస్త్రవేత్త సాస్కియా సాసెన్ 1991లో ఒక సంగతి చెప్పారు. ప్రపంచమంతటా చెదిరిపోయిన ఉత్పత్తినీ పెట్టుబడినీ నడిపే పని కొన్ని నగరాల్లోనే పోగుపడుతుంది, ఆ పని చేసే అధిక వేతనపరుల కార్యాలయాలకూ ఇళ్లకూ కావలసిన సేవలు చవక కూలీతో నడుస్తాయి. అంటే పై కొసా కింది కొసా విడివిడిగా పెరగడం లేదు, ఒకదాని అవసరం మీద మరొకటి పెరుగుతోంది. లండన్ తూర్పు భాగంలో ఇది కంటికి కనిపిస్తుంది. అక్కడి వెస్ట్ ఇండియా రేవులు కంటెయినర్లు మోసే పెద్ద ఓడలు లోపలికి రాలేక సరుకు తగ్గిపోయి 1980లో మూతపడ్డాయి. అదే స్థలంలో కనరీ వార్ఫ్ కార్యాలయాలు లేచాయి, వాటిలో మొదటి ఆకాశహర్మ్యం 1991లో పూర్తయింది. రేవు కార్మికులు ఏ రోజుకారోజు కూలీ పద్ధతి మీద పోరాడి, క్రమంగా స్థిరమైన పని సాధించుకున్న చోట, ఇప్పుడు పగలు బ్యాంకు ఉద్యోగులు కూర్చుంటారు, వాళ్లు వెళ్లిపోయాక రాత్రివేళ కాంట్రాక్టరు పంపిన మనుషులు ఆ బల్లలే తుడుస్తారు.

అన్ని నగరాలకూ ఈ చిత్రం ఒకేలా వర్తించదు. నెదర్లాండ్స్‌లో ఆమ్‌స్టర్‌డామ్, రాటర్‌డామ్ వంటివి ఉన్న రాండ్‌స్టాడ్ ప్రాంతపు నగరాలను చూసి భౌగోళిక శాస్త్రవేత్త క్రిస్ హామ్నెట్ 1994లో, అక్కడ జరుగుతున్నది ప్రధానంగా పై ఉద్యోగాల పెరుగుదలేనని, కింది కొస ఉబ్బడం లేదని అభ్యంతరం చెప్పారు. సంక్షేమ వ్యవస్థ గట్టిగా ఉన్నచోట అతి తక్కువ జీతపు పనులు పెద్దగా పుట్టకపోవచ్చన్న ఆయన మాటను నేను చాలా ముఖ్యంగా భావిస్తాను, ఎందుకంటే యంత్రాలు అన్ని దేశాల్లోనూ ఒకటే, ఫలితాలు మాత్రం ఒకటి కావు.

ఇక నగరం సంపన్నమవుతోందన్న మాట. ఐదుగురి ఆదాయాలు వరుసగా 10, 20, 30, 40, 50 అనుకోండి. సగటు 30, నడుమ మనిషి ఆదాయమూ 30. కొన్నేళ్లకు అవి 10, 15, 18, 57, 100 అయ్యాయనుకోండి. సగటు 40కి పెరిగింది, నడుమ మనిషి 18కి పడిపోయాడు. సగటును చూపి నగరం బాగుపడిందనేవారు అబద్ధం చెప్పడం లేదు, కానీ మీ గురించి ఏమీ చెప్పడం లేదు. ఆ 100 వచ్చే మనిషి అదే నగరంలో ఇల్లు వెతుక్కున్నప్పుడు అద్దె ఎవరి స్థాయికి పెరుగుతుందో మీకు చెప్పనక్కరలేదు.

ప్రశ్న: ఫ్యాక్టరీ మూతపడ్డాక మా తమ్ముడు నగరంలో ఒక ఆస్పత్రిలో కాంట్రాక్టు మీద వార్డు పనికి కుదిరాడు. పడుకోబెట్టడం, లేపడం, శుభ్రం చేయడం యంత్రం చేయలేదంటారు. యంత్రం చేయలేని పనికి విలువ పెరగాలి కదా, మరి జీతం ఎందుకింత తక్కువ?

జవాబు: ఈ విషయంలో అందరూ అడగవలసిన ప్రశ్న ఇదే. నొప్పితో ఉన్న మనిషిని మంచం మీద ఒక పక్కకు తిప్పాలంటే ఎక్కడ చేయి వేయాలో, ఎంత బలం పెట్టాలో, ముఖం చూసి ఎప్పుడు ఆగాలో మీ తమ్ముడి చేతులకు తెలుసు, ఆయన నోటితో చెప్పలేరు. చెకర్స్ వంటి బల్ల ఆటలు ఆడటం యంత్రానికి సులువని, ఏడాది బిడ్డకున్నపాటి చూపూ కదలికా ఇవ్వడం కష్టమని రోబోల పరిశోధకుడు హాన్స్ మొరావెక్ 1988లోనే రాశారు.

కానీ యంత్రం రాకపోవడం వల్ల పని నిలుస్తుందే తప్ప జీతం పెరగదు. ఆ పనికి ఎంతమంది పోటీ పడుతున్నారనేది జీతాన్ని నిర్ణయించే వాటిలో ఒకటి. మూతపడిన ఫ్యాక్టరీల నుంచి, ఖాళీ అయిన గుమాస్తా గదుల నుంచి వచ్చినవారూ, పల్లెల నుంచి, ఇతర దేశాల నుంచి కొత్తగా వచ్చినవారూ, కొద్దిరోజుల్లో కుదురుకోగలిగిన ఈ పనుల దగ్గరికే చేరతారు. రెండవది, మీ తమ్ముడి వంటివారు ఒకప్పుడు ఆ ఆస్పత్రి ఉద్యోగులుగానే ఉండేవారు. ఇప్పుడు మధ్యలో కాంట్రాక్టరు వచ్చాడు. తక్కువకు కోట్ చేసినవాడికే పని దక్కుతుంది కనుక, తగ్గించిన ప్రతి రూపాయీ చివరికి చీపురు పట్టినవారి జీతంలోంచే వస్తుంది. ఉద్యోగాలు రెండు కొసలకు చీలడానికి యంత్రం ఒక పెద్ద కారణం. ఆదాయాలు ఇంత దూరం జరగడానికి మాత్రం మనుషులు చేసుకున్న ఒప్పందాలూ నియమాలూ కారణం, వాటిని మార్చవచ్చు.

మార్చినవారూ ఉన్నారు. తూర్పు లండన్‌లో పౌరసంఘాలు 2001లో జీవన వేతనం కోసం ఉద్యమం మొదలుపెట్టాయి. ఆ నగరంలో బతకడానికి నిజంగా ఎంత కావాలో లెక్కకట్టి, ఆ మొత్తాన్ని కాంట్రాక్టు సిబ్బందికి కూడా ఇవ్వాలని అడిగాయి. 2005 నుంచి ఆ రేటును ఏటా ప్రకటిస్తున్నారు. అది చట్టం కాదు, సంస్థలు తమంతట తాము ఒప్పుకోవలసిందే, అయినా చాలా సంస్థలు ఒప్పుకున్నాయి. జర్మనీ 2015 జనవరి 1 నుంచి గంటకు 8.50 యూరోల కనీస వేతనాన్ని దేశమంతటా చట్టం చేసింది. ఉద్యోగాలు భారీగా పోతాయని ముందు చాలామంది హెచ్చరించినా అలా జరగలేదు. తక్కువ జీతాలు పెరిగాయి, కొందరు కార్మికులు మెరుగైన సంస్థలకు మారారు.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ తరువాత పై చదువు మానేసి నగరంలో పనికి వెళతానంటోంది. మా నాన్నగారు ఆ రోజుల్లో అలాగే వెళ్లి నిలదొక్కుకున్నారు. ఆపమంటారా, వెళ్లనివ్వమంటారా?

జవాబు: వీలైతే చదివించండి. మీ నాన్నగారి కాలంలో పెద్ద చదువు లేకుండా నగరానికి వచ్చినవారికి గుమాస్తాగా, మెకానిక్‌గా, సూపర్‌వైజర్‌గా ఎదిగే మెట్లు ఉండేవి. అమెరికా విషయంలో ఆటర్ 2019లో చూపింది ఇదే. 1970ల నాటికి డిగ్రీ లేనివారికి పెద్ద నగరంలో జీతం బయటికంటే స్పష్టంగా ఎక్కువ వచ్చేది. తరువాతి దశాబ్దాల్లో వారు నడిమి పనుల నుంచి కింది పనుల్లోకి జారడంతో ఆ ఎక్కువలో చాలా భాగం కరిగిపోయింది. డిగ్రీ ఉన్నవారికి మాత్రం నగరం ఇప్పటికీ ఎక్కువే ఇస్తోంది.

అయితే అందరూ చదివేస్తే సమస్య తీరుతుందని నేను అనను. అందరూ డిగ్రీలు తెచ్చుకున్నా ఆస్పత్రి వార్డులో ఎవరో ఒకరు పనిచేయాలి. మీ అమ్మాయి తప్పనిసరిగా పనికి వెళ్లవలసి వస్తే, చేరేముందు మూడు విషయాలు అడిగి తెలుసుకోమనండి. జీతం ఇచ్చేది సంస్థా, కాంట్రాక్టరా? రెండేళ్ల తరువాత అక్కడే పై పనికి వెళ్లినవారు ఎవరైనా ఉన్నారా? సాయంత్రం కళాశాలకు వెళ్లగలిగేలా షిఫ్టు వేళలు ముందుగా చెబుతారా, ఏ రోజుకారోజు ఫోన్‌లో చెబుతారా? మూడవదానికి వచ్చే జవాబును బట్టే ఆమె చదువు కొనసాగేదీ ఆగేదీ తేలుతుంది.