ఏ ఆవకాయ ముందు పెట్టాలి?

ప్రశ్న: మాది చిన్న పచ్చళ్ల వ్యాపారం. ఆవకాయలో ఉప్పు తగ్గించి కొత్త రకం కలిపాము. దాన్ని పాతదానితో పోల్చమని 30 మందికి రుచి చూపించాలనుకుంటున్నాము. అందరికీ పాతదే ముందు పెట్టవచ్చా?

జవాబు: అలా పెట్టకండి. మొదటి ముద్దలోని ఉప్పూ కారమూ నాలుక మీద నిలిచి రెండోదాని రుచిని మార్చేస్తాయి కాబట్టి, అందరికీ ఒకే వరుస పాటిస్తే, కనిపించిన తేడా పచ్చడిదో వరుసదో తేల్చలేరు. 15 మందికి పాతది, మిగిలిన 15 మందికి కొత్తది ముందు పెట్టండి. ఎవరికి ఏ వరుసో చీటీలు తీసి నిర్ణయించండి. గిన్నెల మీద 1, 2 అని రాస్తే ఒకటోదే మేలైనదన్న భావన తెలియకుండానే కలుగుతుంది గనుక, 482, 917 వంటి పొంతనలేని మూడంకెల సంఖ్యలు వేయండి. జాడీలను అడుగుదాకా కలిపి తీయండి. పైన తేలిన నూనె ఒకదానిలో ఎక్కువైతే పరీక్ష నూనెకు పెట్టినట్లవుతుంది. సమానంగా తూచిన అన్నంలో కలిపి ఇచ్చి, రెండు ముద్దల నడుమ నీళ్లు పుక్కిలించి కాసేపు ఆగమనండి.

అడగవలసింది ఒక్కటే: ఏది ఎక్కువ నచ్చింది? తప్పనిసరిగా ఒకదాన్ని ఎంచుకోమనండి. 30 మందిలో కనీసం 21 మంది ఒకే వైపు మొగ్గితేనే 5 శాతం స్థాయిలో తేడా ఉన్నట్లు; అంటే ఇష్టంలో అసలు తేడా లేకపోయినా కేవలం యాదృచ్ఛికంగా ఇంత మొగ్గు కనిపించే అవకాశం 5 శాతం లోపే. 17, 18 దగ్గర ఆగితే రెండూ సమానమని తేలినట్లు కాదు. ఇంకా ఎక్కువ మందితో పరీక్షను మొదటినుంచి జరపాలి.