బస్సులో ‘అడ్జస్ట్ అవ్వండి’ అంటాం కదా, ఇంగ్లీషులో ఆ మాటకు అర్థం అదేనా?

కాదండి. అమలాపురం నుంచి రావులపాలెం వెళ్లే పల్లెవెలుగులో ముగ్గురు కూర్చున్న సీటు దగ్గరికి నాలుగో ఆయన వచ్చి ‘కూసింత అడ్జస్ట్ అవ్వండి’ అంటే, జరగమని. ఇంగ్లీషు వాళ్లు అక్కడ ‘మూవ్ ఓవర్’ అంటారు. వాళ్లకు అడ్జస్ట్ అంటే అద్దాన్నో బెల్టునో కాస్త అటూ ఇటూ చేసి సరిగ్గా అమర్చడం, లేదా కొత్త ఊరికి అలవాటు పడటం.

పుట్టుక మాత్రం తమాషాగా ఉంటుంది. లాటిన్‌లో ‘యుక్స్తా’ అంటే పక్కన, దగ్గర. ముందు ‘అద్’ చేరితే దగ్గరకు చేర్చడం. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. దారిలో, న్యాయమైన, సరైన అనే అర్థమున్న ‘యుస్తుస్’తో జనం దాన్ని ముడిపెట్టేయడంతో ‘సరిచేయడం’ స్థిరపడింది. అంటే దగ్గరగా జరగమన్న మన బస్సాయన తెలియకుండానే పాత అర్థాన్ని పట్టుకున్నాడు!

మన వాడుక లాటిన్ నుంచి రాలేదు లెండి. నాకైతే అది ‘సర్దు’కి వేసిన ఇంగ్లీషు చొక్కా అనిపిస్తుంది. సీట్లో సర్దుకుంటాం, సంసారంలో సర్దుకుపోతాం, ‘ఓ ఐదొందలు సర్దవా’ అని అప్పూ అడుగుతాం. అదే ‘ఐదొందలు అడ్జస్ట్ చెయ్యవా’ అయింది. లండన్‌లో ఇలా అప్పు అడిగితే ఎవరికీ అర్థం కాదు.