ఎల్డెన్ రింగ్: వ్రెచ్‌తో మొదలుపెట్టి ట్రీ సెంటినెల్ దగ్గర ఇరుక్కున్నవారికి

ఎల్డెన్ రింగ్ వీడియో గేమ్‌లో వ్రెచ్ అనే క్లాస్ (మొదట్లో ఎంచుకునే పాత్ర రకం) తీసుకుని, ట్రీ సెంటినెల్ అనే శత్రువు చేతిలో ఇరవైసార్లు చచ్చానని, మళ్లీ మొదలుపెట్టాలా అని అడిగారు కదా, అది మీ చేతగానితనం కాదు. వ్రెచ్ లెవెల్ 1తో మొదలవుతుంది, ఒంటి మీద కవచం ఉండదు, చేతిలో ఒక దుడ్డుకర్ర. పైగా గుర్రం మీద తిరిగే ఆ బంగారు రౌతును ఇప్పుడే కొట్టాలని రూలేమీ లేదు. పక్కనుంచి తప్పుకుని వెళ్లిపోండి.

చాలామంది వదిలేసే మెట్లు ఇవే:

1. ద ఫస్ట్ స్టెప్, చర్చ్ ఆఫ్ ఎల్లె, గేట్‌ఫ్రంట్. ఈ మూడు గ్రేస్‌ల (ఆగి సేద తీరే చోట్ల) దగ్గరా కూర్చోండి.
2. మూడోదాని దగ్గర మెలీనా అనే అమ్మాయి వస్తుంది. ఆమె అడిగే ఒప్పందానికి సరే అనండి. అప్పటిదాకా ఎన్ని రూన్లు (శత్రువులను చంపితే వచ్చేవి, లెవెల్ పెంచుకోడానికి ఖర్చుపెట్టేవి) పోగేసినా లెవెల్ పెరగదు! గుర్రం టొరెంట్ కూడా అప్పుడే వస్తుంది.
3. రూన్లు ముందు విగర్‌లో (ప్రాణం ఎంతో నిర్ణయించే అంకె) పెట్టండి, కనీసం 20 దాకా. కత్తి పదును తర్వాత చూసుకోవచ్చు.
4. ఒంటి మీది సామాను బరువు, మోయగలిగేదానిలో 70 శాతం దాటనివ్వకండి, దాటితే దెబ్బ తప్పించుకోడానికి దొర్లడం నత్తనడకే.

మళ్లీ మొదలుపెట్టాలా అంటే, ఆడింది గంటే అయితే పెట్టండి. నా ఓటు వేగబాండ్ క్లాస్‌కి: విగర్ 15, భౌతిక దెబ్బను పూర్తిగా ఆపే డాలు. దూరం నుంచి కొట్టాలనిపిస్తే సమురాయ్, విల్లు చేతిలోనే ఉంటుంది. ఆస్ట్రాలజర్ మంత్రాలు బాగుంటాయి గానీ విగర్ 9 మాత్రమే, జాగ్రత్త.

క్లాస్ మొదటి అంకెలు, సామాను మాత్రమే నిర్ణయిస్తుంది. తర్వాత వ్రెచ్ కూడా ఏ ఆయుధమైనా పట్టొచ్చు.