కుక్క ఉందని చెప్పకుండా ఇల్లు బాడుగకు తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది ఆదోని. నాకు కర్నూలుకు బదిలీ అయింది. మా ఆయనది మందుల కంపెనీలో ఫీల్డ్ ఉద్యోగం. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 68,000 చేతికొస్తాయి. బ్యాంకులో 6 లక్షలున్నాయి. మాకు రెండేళ్ల కుక్క ఉంది, పేరు కరియ. కుక్క మాట ఎత్తగానే ఇల్లు లేదంటున్నారు. సి క్యాంపు దగ్గర ఒక ఫ్లాట్ నచ్చింది. బాడుగ 13,000, మెయింటెనెన్స్ 1,500, అడ్వాన్స్ 40,000. కుక్క ఉందని చెప్తే ఓనరు నెలకు ఇంకో 1,000, అడ్వాన్స్ లక్ష అడుగుతాడట. "చెప్పకుండా చేరిపోండి, నెల తర్వాత తెచ్చుకోండి, ఓనరు హైదరాబాదులో ఉంటాడు" అంటున్నాడు బ్రోకరు. అసోసియేషన్ వాళ్లు కుక్కలను ఒప్పుకోరని వాచ్‌మన్ అంటున్నాడు. కల్లూరు దాటాక కాంపౌండ్ ఉన్న కింది ఇల్లు ఇంకొకటి ఉంది. బాడుగ 10,000, అడ్వాన్స్ 30,000. ఓనర్లు పిల్లలతో మిద్దె మీద ఉంటారు, కుక్క ఉంటే కాపలా అంటున్నారు. కానీ ఆఫీసుకు 5 కిలోమీటర్లు. మా మామగారేమో ఈ గొడవంతా ఎందుకు, లోన్ పెట్టి 40 లక్షల్లో ఫ్లాట్ కొనేయండి అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు బ్రోకరు మాట సంగతి చూద్దాం. ఆ మాట వినొద్దు. తప్పొప్పుల సంగతి అలా ఉంచి, ఒట్టి లెక్క వేసినా అది నష్టమే.

దాచితే మీకు మిగిలేది నెలకు 1,000. దొరికిపోతే పోయేదెంత? నెలరోజుల్లో ఖాళీ చేయమంటారు. కొత్త ఇంటికి బ్రోకరుకు మళ్లీ ఒక నెల బాడుగ, అంటే 13,000 అనుకుందాం. పాత ఓనరు పెయింటింగ్ కింద ఒక నెల బాడుగ పట్టుకుంటాడు, అది ఇంకో 13,000. సామాను బండికి, హమాలీలకు, గీజరు, ఫ్యాన్లు విప్పి బిగించడానికి 9,000 దాకా. మొత్తం 35,000. అంటే కరియ మూడేళ్ల పాటు ఎవరి కంటా పడకుండా, ఎవరి చెవినా పడకుండా ఉంటేగానీ ఆ వెయ్యి మిగిలినట్టు కాదు. మీరిద్దరూ పొద్దున వెళ్లి సాయంత్రం వస్తారు. కొత్త చోట ఒంటరిగా ఉన్న కుక్క మొదటి వారంలోనే అరుస్తుంది, ఏడుస్తుంది. పక్క ఫ్లాటువాళ్లు ఆ మధ్యాహ్నమే ఓనరుకు ఫోన్ చేస్తారు. అబద్ధం చెప్పి చేరారన్న మాట పడ్డాక అడ్వాన్స్ వెనక్కి అడగడానికి కూడా మీకు నోరు రాదు.

ఇక అసోసియేషన్. ఇక్కడ చాలామంది రెండు వేరు వేరు సంగతులను కలిపేస్తుంటారు. పెంపుడు కుక్కల విషయంలో భారత జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మెజారిటీతో తీర్మానం చేసినా సరే, కుక్కను పెంచుకోవద్దని నిషేధం పెట్టకూడదు. లిఫ్టు ఎక్కించవద్దనకూడదు, అందుకు అదనంగా చార్జీ వసూలు చేయకూడదు. కాబట్టి వాచ్‌మన్ మాటకు బెదరనక్కర్లేదు. కానీ ఓనరు సంగతి వేరు. తన ఇల్లు ఎవరికి ఇవ్వాలో, ఏ షరతుతో ఇవ్వాలో అతని ఇష్టం. అగ్రిమెంటులో కుక్క వద్దని రాసి మీరు సంతకం పెట్టాక, ఈ మార్గదర్శకాలు చూపించి లాభం లేదు. అందుకే పోట్లాట అసోసియేషన్‌తో పెట్టుకోవచ్చేమోగానీ, ఓనరుతో మాత్రం బేరమే ఆడాలి.

బేరం ఎలా ఆడాలో చెప్తాను, అసలు డబ్బు మిగిలేది ఇక్కడే. ఓనరు రెండు అడుగుతున్నాడు: నెలకు 1,000, పైగా 60,000 ఎక్కువ అడ్వాన్స్. చూడటానికి లక్ష అడ్వాన్సే భయపెడుతుంది. నిజానికి ఖరీదైనది ఆ వెయ్యి. నెలకు 1,000 అంటే ఏడాదికి 12,000, మళ్లీ రాదు. పైగా ఏటా బాడుగ పెంచేటప్పుడు 14,000 మీదే పెంచుతారు. అదే 60,000 మీ డిపాజిట్‌లోంచి తీసి ఇస్తే, ఆరున్నర శాతం లెక్కన మీరు వదులుకునే వడ్డీ ఏడాదికి 3,900. నెలకు 325 అన్నమాట. అసలు ఎలాగూ తిరిగొస్తుంది. కాబట్టి "అడ్వాన్స్ ఎక్కువిస్తాం, బాడుగ మాత్రం 13,000 మీద పెంచొద్దు" అని అడగండి. ఓనరుకు కావలసింది తన ఇల్లు పాడైతే చేతిలో డబ్బుండాలనే ధీమా. అది అడ్వాన్స్‌తోనే తీరుతుంది.

అసలు తిరిగొస్తుందన్నాను, కానీ అది కాగితం మీద ఉంటేనే. ఇది నా అనుభవంతో చెప్తున్నాను. పదిహేనేళ్ల కిందట నేనూ కుక్కతో ఒక బాడుగ ఇంట్లో ఉన్నాను. ఖాళీ చేసే రోజు ఓనరు వచ్చి నేరుగా ముందుగది తలుపు దగ్గర కూర్చున్నాడు. మోకాలెత్తు వరకు పాలిష్ లేచిపోయి, గుంటక తోలినట్టు నిలువు గీతలు. గడియ చప్పుడైతే చాలు, మా కుక్క రెండు కాళ్లూ ఎత్తి గీరేది. ఆ తలుపు మీద సగం గీతలు మేం చేరకముందువే. కానీ చేరిన రోజు నేను ఒక్క ఫొటో తీయలేదు. తలుపు మార్పించాలని చెప్పి 18,000 పట్టుకున్నాడు. ఆ తర్వాత అదే తలుపుకు పాలిష్ వేయించి కొత్తవాళ్లకిచ్చాడని తెలిసింది. ఆ నెల మా పాప స్కూలు ఫీజు అప్పు చేసి కట్టాను. అందుకే ఈ విషయంలో మొహమాటపడొద్దని ఎవరికైనా గట్టిగా చెప్తాను.

మీరు తాళం తీసుకున్న రోజే, సామాను దించకముందే, ప్రతి తలుపు కింది సగం, గోడల మూలలు, నేల, దోమల జాలీలు ఫొటోలు తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపండి. తేదీ దానంతటదే పడుతుంది. చౌకట్టుకు, తలుపు కింది భాగానికి పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు అంటించుకోండి, కొన్ని వందల్లో పని అయిపోతుంది. అగ్రిమెంటులో ఈ మాటలు రాయించండి: "బాడుగదారు వద్ద ఉన్న ఒక పెంపుడు కుక్కను ఇంట్లో ఉంచుకొనుటకు యజమానికి సమ్మతమే. కుక్క వల్ల తలుపులకు, గోడలకు, నేలకు నష్టం జరిగితే, మరమ్మతుకు అయిన ఖర్చును రసీదు చూపి అడ్వాన్స్ నుండి మినహాయించుకోవచ్చు. మిగిలిన మొత్తాన్ని ఖాళీ చేసిన 15 రోజుల్లోగా బాడుగదారు బ్యాంకు ఖాతాకు జమ చేయాలి." అడ్వాన్స్ నగదుగా ఇవ్వొద్దు, ఖాతా నుంచే పంపండి. ఖాళీ చేయించాలంటే రెండు నెలల ముందు చెప్పాలని కూడా రాయించండి. కుక్క ఉన్నవాళ్లకు నెలలో ఇల్లు దొరకదని మీకు ఇప్పటికే తెలిసింది కదా. అగ్రిమెంటు మామూలుగా 11 నెలలకే రాస్తారు. మీకు 11 నెలలది చాలు.

ఇంతా చెప్పాను గానీ, నన్నడిగితే మీకు కల్లూరు ఇల్లే మేలు. ఫ్లాటుకు బాడుగ పెంచకుండా ఒప్పుకున్నా మెయింటెనెన్స్‌తో నెలకు 14,500. ఆ ఇల్లు 10,000. రోజుకు 10 కిలోమీటర్ల తిరుగుడుకు స్కూటీ పెట్రోలు నెలకు 700 దాకా అవుతుంది. అది తీసేసినా 3,800 మిగులు. అంతకంటే ముఖ్యం, ఆ ఓనర్లు కుక్క ఉందని తెలిసే, ఇష్టంగానే ఇస్తున్నారు. మీరు ఆఫీసులో ఉన్నప్పుడు కరియ కాంపౌండ్‌లో తిరుగుతుంటాడు, పైన మనుషులుంటారు. ఆ టెన్షన్ లేకపోవడం విలువ నేను రూపాయల్లో చెప్పలేను. ఒక్కటి మాత్రం చూసుకోండి. 2009 అక్టోబరు వరదలో తుంగభద్ర, హంద్రీ నీళ్లు కర్నూలు ఇళ్లలోకి ఎలా వచ్చాయో ఊరంతటికీ గుర్తే. ఇల్లు హంద్రీకి దగ్గరగా ఉంటే, అప్పుడు నీళ్లు ఎంతవరకు వచ్చాయో వీధిలో పెద్దవాళ్లను అడగండి. కింది ఇల్లు కాబట్టి ఇది అడగకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

మామగారి సలహా ప్రేమతో చెప్పిందే, కానీ ఇప్పుడు కాదు. 40 లక్షల ఫ్లాటుకు బ్యాంకు 32 లక్షలు ఇస్తుందనుకుందాం. మిగతా 8 లక్షలు మీరు పెట్టుకోవాలి. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి మన రాష్ట్రంలో ఏడున్నర శాతం, అంటే ఇంకో 3 లక్షలు. చేతిలో 11 లక్షలుండాలి, మీ దగ్గర ఉన్నవి 6. మిగిలిన 5 లక్షలు పర్సనల్ లోనో, బంగారం తాకట్టో, చీటీ పాటో అవుతుంది. ఇక 32 లక్షలకు ఎనిమిదిన్నర శాతంతో 20 ఏళ్లకు ఈఎంఐ దాదాపు 27,800. మీ జీతంలో నలభై శాతం దానికే పోతుంది. మీది బదిలీల ఉద్యోగం. రేపు నంద్యాలకో, కడపకో వేస్తే ఆ ఫ్లాటు బాడుగకిచ్చి, మీరు మళ్లీ కుక్కతో బాడుగ ఇల్లు వెతుక్కోవాలి. ఆ నెలనెలా మిగిలే 3,800 రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. మూడేళ్లు దాటాక, ఎక్కడ స్థిరపడతారో తేలాక మామగారి మాట మళ్లీ తీద్దాం. ఆదాయపు పన్ను గురించి దిగులు వద్దు. మీ ఇద్దరి ఆదాయాలూ విడివిడిగా 12 లక్షల లోపే కనుక కొత్త విధానంలో పన్నే పడదు, ఇంటి బాడుగ రసీదుల అవసరమూ రాదు.

కరియ పేరు మీద 25,000 విడిగా పెట్టండి. కుక్కకు అనుకోకుండా జబ్బు చేస్తే ఆపరేషనో, సెలైన్లో అని ఒకేసారి ఖర్చు మీద పడుతుంది. ఆ రోజు డిపాజిట్ విరగ్గొట్టకూడదు. రేబిస్ టీకా ఏటా వేయించాల్సిందే. జూలై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల గురించిన దినం) సందర్భంగా పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు, ఆ తేదీ గుర్తుపెట్టుకోండి. కుక్కల ఇన్సూరెన్స్ కూడా ఉంది. తీసుకుంటే మాత్రం, కుక్క ఎవరినైనా కరిస్తే వాళ్లకు కట్టాల్సిన నష్టపరిహారం పాలసీలో ఉందో లేదో చూసి తీసుకోండి. మెట్ల మీదుగా పైవాళ్ల పిల్లలు దిగుతుంటారు కదా, మీ విషయంలో మందుల ఖర్చుకంటే ఆ భాగమే ముఖ్యం.

ఈ ఆదివారం కల్లూరు వెళ్లేటప్పుడు కరియను వెంట తీసుకెళ్లండి, టీకాల పుస్తకం కూడా పట్టుకెళ్లండి. మిద్దె మీది పిల్లలతో పాటు కాసేపు కాంపౌండ్‌లో కూర్చోండి. గేటు కింద సందు ఎంత ఉందో చూసి, కరియ దూరేలా ఉంటే, జాలీ ఎవరు కొట్టిస్తారో అక్కడే మాట్లాడుకుని, ఆ తర్వాతే 30,000 పంపండి.