34 యూనిట్ల కరెంటే, కానీ రెండున్నర సెకన్లలో కావాలి: విమాన కాటపుల్ట్‌లో ఫ్లైవీల్ పని, టేబుల్ మీద మోడల్

ప్రశ్న పాలకొల్లు వైపు పాలిటెక్నిక్ విద్యార్థి నుంచి. అమెరికా విమానవాహక నౌక ఫోర్డ్‌లో రెండు అణు రియాక్టర్లు ఉండగా, డెక్ మీది విమానాన్ని విసిరి ఎగరేసే కాటపుల్ట్ కోసం మళ్ళీ ఫ్లైవీళ్లలో (వేగంగా తిరిగే బరువైన చక్రాల్లో) శక్తి దాచుకోవడం దేనికి? బ్యాటరీలు పెట్టుకుంటే సరిపోదా? ఫైనలియర్ ప్రాజెక్టుకి దీని మోడల్ చేయాలంటే సామాన్లేమిటి, ఎక్కడ దెబ్బ తింటాం?

ముందు లెక్క వేయండి, సగం సందేహం అక్కడే తీరుతుంది. 20 టన్నుల విమానాన్ని సెకనుకు 70 మీటర్ల వేగానికి తేవడానికి 49 మెగాజౌళ్లు కావాలి. ఒక యూనిట్ అంటే 3.6 మెగాజౌళ్లు కాబట్టి ఇది పద్నాలుగు యూనిట్ల లోపే. ఈమాల్స్ అనే ఈ ఎలక్ట్రోమాగ్నెటిక్ కాటపుల్ట్‌కి డిజైన్‌లో పెట్టుకున్న గరిష్ఠం 122 మెగాజౌళ్లు, అంటే 34 యూనిట్లు. మన చేపల, రొయ్యల చెరువుల మీద 2 హెచ్.పి. ఏరేటర్లు రెండు రాత్రంతా పన్నెండు గంటలు తిరిగితే ఇంచుమించు అంత కాలుతుంది. మొత్తంగా చూస్తే పెద్ద కరెంటేమీ కాదండి.

ఇప్పుడు టైము చూడండి. ట్రాక్ పొడవు సుమారు 91 మీటర్లు. సున్నా నుంచి 70కి ఒకే బలంతో వెళ్తే పట్టేది 2.6 సెకన్లు. సగటున 19 మెగావాట్లు, చివరి క్షణంలో 38 మెగావాట్లు. ఆ వెంటనే సున్నా. ముప్పావు నిమిషానికోసారి ఇలా గుంజితే నౌకలో రాడార్ దగ్గర్నుంచి వంటగది దాకా అన్నిటికీ వోల్టేజి ఊగిపోతుంది. రాత్రి కరెంటు పోయి వచ్చినప్పుడు గట్టు మీద ఏరేటర్లన్నీ ఒక్కసారే అందుకుంటే ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు ఎందుకు పోతుందో మీకు తెలుసు. ఒక్కో మోటారు స్టార్టింగ్‌లో ఆరు రెట్లు లాగుతుంది, అందుకే స్టార్టర్లకు టైమర్లు పెట్టి ఒకదాని తర్వాత ఒకటి వేస్తారు. విమానాన్ని అలా విడతలుగా లేపలేం కదా. అందుకని శక్తిని ముందే ఒకచోట కూడబెట్టాలి.

కూడబెట్టే పని ఫ్లైవీల్ ఎప్పట్నుంచో చేస్తోంది. పాత హల్లర్ మిల్లుల్లో సింగిల్ సిలిండర్ ఆయిల్ ఇంజనుకి రెండు పక్కలా అంతంత బరువు చక్రాలు ఎందుకున్నాయి? ఫోర్ స్ట్రోక్ ఇంజనులో రెండు చుట్లకు ఒక్కసారే మందు పేలుతుంది. మిగతా ఒకటిన్నర చుట్టు చక్రంలో ఉన్న ఊపు మీదే నడుస్తుంది. ఈమాల్స్‌లో అదే సూత్రం తిరగబడింది. అక్కడ నింపడం నెమ్మదిగా, వాడటం ఒక్క ఊపున.

1990లలో ప్రచురించిన డిజైన్ లెక్క ప్రకారం ఒక్కో డిస్క్ ఆల్టర్నేటర్ (ఫ్లైవీల్, కరెంటు పుట్టించే యంత్రం రెండూ ఒకటే) రోటర్, అంటే తిరిగే భాగం, 6,400 ఆర్.పి.ఎం. దగ్గర 121 మెగాజౌళ్లు పట్టుకుంటుంది. అలాంటివి నాలుగు. గరిష్ఠ లాంచ్ తర్వాత వేగం 5,205కి దిగుతుంది. శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 5,205ని 6,400తో భాగించి వర్గం చేయండి: 0.66. ఉన్నదాంట్లో మూడో వంతే, అంటే నాలుగూ కలిపి 164 మెగాజౌళ్లు వాడారన్నమాట. మిగతాది ఎందుకు వదిలేశారంటే, వేగం పడిపోతే ఆల్టర్నేటర్ వోల్టేజి, ఫ్రీక్వెన్సీ రెండూ పడిపోతాయి, వెనకున్న ఎలక్ట్రానిక్స్‌కి అవి చాలవు. ఆ 164ని 45 సెకన్లలో తిరిగి నింపితే నౌక మీద పడే లోడు 3.6 మెగావాట్లు. ముప్పై ఎనిమిది మెగావాట్ల పోటు ఇలా నాలుగు లోపు నిలకడ లోడుగా మారింది. రియాక్టర్లు ఉన్నా ఇది తప్పదు. చైనా ఫుజియాన్ 2025 నవంబరులో నౌకాదళంలో చేరింది, దానికి రియాక్టరే లేదు, అయినా ఎలక్ట్రోమాగ్నెటిక్ కాటపుల్టే.

బ్యాటరీ సంగతి. 34 యూనిట్లంటే చిన్న ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ అంతే, నిల్వకు కొదవ లేదు. కానీ 34 యూనిట్ల బ్యాటరీ నుంచి 38 వేల కిలోవాట్లు లాగడమంటే గంటలో ఖాళీ కావలసినదాన్ని వెయ్యి రెట్ల వేగంతో ఖాళీ చేయబోవడం. కెమిస్ట్రీ ఒప్పుకోదు. కెపాసిటర్ ఆ వేగం ఇస్తుంది కానీ చోటు చాలదు, దాని లెక్క మోడల్ దగ్గర చెబుతాను.

ఆవిరి కాటపుల్ట్‌తో పోలిక క్లుప్తంగా. అది ఒక్కో లాంచ్‌కి సుమారు 600 కిలోల ఆవిరి మింగుతుంది, సామర్థ్యం 4 నుంచి 6 శాతం, ఒకసారి వాల్వు తెరిచాక బలాన్ని దారిలో సరిదిద్దే వీలు లేదు. మన పాత విక్రాంత్‌కి ఉన్నది అదే. 1971లో బంగాళాఖాతంలో సీ హాక్ విమానాలను అలాగే ఎగరేశారు. 2022లో చేరిన కొత్త విక్రాంత్‌కి కాటపుల్ట్ లేదు, ముందు భాగం పైకి వంచిన స్కీ జంప్ ఉంది.

ఈమాల్స్‌లో అంతా బాగుందనీ కాదు. అమెరికా రక్షణశాఖ పరీక్షల విభాగం 2020 నివేదిక ప్రకారం ఒక లోపానికీ ఇంకో లోపానికీ మధ్య 4,166 లాంచ్‌లు రావాల్సింది, వచ్చినవి సగటున 181. దానికంటే నాకు ముఖ్యంగా కనిపించేది ఇంకోటి: మరమ్మతు కోసం విద్యుత్తును వేరు చేయాలంటే ముందు ఆ చక్రాలు ఆగాలి, ఆగడానికే గంటన్నర. స్విచ్ కట్టేసినంత మాత్రాన నిల్వ ఉన్న శక్తి ఎక్కడికీ పోదు. మోడల్‌లో మీరు ప్రాణం మీదికి తెచ్చుకునే చోటు కూడా సరిగ్గా ఇదే.

ఇక మోడల్. యూట్యూబ్‌లో కనిపించే కాయిల్ గన్ జోలికి వెళ్ళకండి, అది ఇనుప ముక్కను లాగుతుంది, దీనికీ దానికీ పోలిక లేదు. ఈమాల్స్ లీనియర్ ఇండక్షన్ మోటారు. మామూలు త్రీఫేజ్ మోటారు స్టేటర్‌ని (కాయిళ్లుండే కదలని భాగాన్ని) కోసి చాపలా పరిచినట్టు, రోటర్ బదులు అల్యూమినియం ప్లేటు. నిజంగా స్టేటర్ కోసి చాపుదామనుకుంటారు చాలామంది, స్టాంపింగులు (లోపల పేర్చిన ఇనుప రేకులు) విరిగిపోతాయి. దానికన్నా పాత స్టెబిలైజర్ల స్క్రాపులో దొరికే ఈ-ఐ (E-I) 96 సైజు స్టాంపింగులు తీసుకోండి. వాటిలో E అక్షరం ఆకారం ముక్కలే కావాలి. నడిమి కాలు 32 మి.మీ., పక్క కాళ్లు 16, ఖాళీ 16. పక్కపక్కనే పేర్చితే రెండు పక్క కాళ్లు కలిసి మళ్ళీ 32 అవుతాయి, అంటే పళ్లన్నీ సమానం, స్లాట్ పిచ్ (ఒక స్లాట్ నుంచి పక్క స్లాట్‌కి దూరం) 48 మి.మీ. దమ్మిడీ మెషినింగ్ లేకుండా స్టేటర్ తయారు.

40 మి.మీ. మందం కట్టలు ఒక పక్కకు 12, ఎదురుగా ఇంకో 12. పొడవు 1.15 మీటర్లు, ఒక్కో పక్క 24 స్లాట్లు, 8 పోల్స్. పోల్ పిచ్ మూడు స్లాట్లు, 144 మి.మీ. స్టేటర్ వెంట పరుగెత్తే అయస్కాంత అలల వేగం = 2 × పోల్ పిచ్ × ఫ్రీక్వెన్సీ. 35 హెర్ట్‌జ్ దగ్గర సెకనుకు 10 మీటర్లు వస్తుంది. అర కిలో బండిని 8 మీటర్ల వేగానికి తేవడం మన లక్ష్యం, శక్తి 16 జౌళ్లు.

వైండింగ్: 22 గేజి, కాయిల్‌కి 100 టర్నులు, పక్కకు 12 కాయిళ్లు. రెండు పక్కలకూ కలిపి నాలుగుంబావు కిలోల వైరు. 1-4, 2-5, 3-6, తర్వాత 7-10 ఇలా. 1-4 ఆర్ ఫేజు, 3-6 వై ఫేజు, మధ్యలో 2-5 బి ఫేజు, కానీ తిరగేసి కలపాలి. ఈ మధ్య కాయిల్ తిరగేయడం మర్చిపోయినవాళ్లే ఎక్కువ. అప్పుడు ప్లేటు వణుకుతుంది, గుర్రుమంటుంది, కదలదు. ఒక పక్క ఫేజులో నాలుగు కాయిళ్లు సీరీస్, రెండు పక్కలూ పారలల్. ఒక్కో పక్క ఫేజుకి మీటరు 8.5, 9 ఓమ్‌లు చూపాలి. కాయిల్‌ని స్లాట్ అడుగుకి తొయ్యకండి. స్లాట్ లోతు 48 మి.మీ., మీ వైరు దాంట్లో పావు వంతు కూడా నిండదు. అడుగున చెక్క పేర్చి కాయిల్‌ని నోటి దగ్గరే నిలపండి, లేకపోతే ఫ్లక్స్ ప్లేటు దాకా రాకుండా స్లాట్‌లోనే తిరుగుతుంది. కాయిల్ చివర్లు వెనక్కి వంచాలి. వార్నిష్ వేశాక వంద వాట్ల బల్బు పెట్టిన పెట్టెలో ఒక పగలంతా ఎండబెట్టండి. వానాకాలం మన గాలిలో స్లాట్ల ఇన్సులేషన్‌కి వేసే లెదరాయిడ్ పేపరు ఇట్టే చెమ్మ పీలుస్తుంది. 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) రెండు మెగోమ్‌లు దాటాకే కరెంటివ్వండి.

ప్లేటు 4 మి.మీ. అల్యూమినియం, 290 పొడవు, 90 ఎత్తు, బరువు 280 గ్రాములు. కోర్ 40 మి.మీ. కదా అని ప్లేటు కూడా 40కే కోస్తే తోపు బాగా తగ్గిపోతుంది. ప్లేటులో పుట్టిన కరెంటు తిరిగి రావడానికి పైన కింద చెరో 25 మి.మీ. దారి కావాలి. రెండు స్టేటర్ల మధ్య 8 మి.మీ., ప్లేటుకి అటూ ఇటూ 2 మి.మీ. ఖాళీ. కరెంటిచ్చినప్పుడు స్టేటర్లు ఒకదాన్నొకటి యాభై కిలోలకు పైగా బలంతో లాక్కుంటాయి. చెక్క ఫ్రేము ఆగదు, 50 సైజు ఇనుప యాంగ్లర్ వాడండి. బండికి స్లైడింగ్ కిటికీ ట్రాకు, స్కేటింగ్ బేరింగులు చాలు.

డ్రైవు (మోటారుకిచ్చే ఫ్రీక్వెన్సీని మార్చే పెట్టె) 2.2 కిలోవాట్లది, సింగిల్ ఫేజు ఇన్‌పుట్, త్రీఫేజు అవుట్‌పుట్. వి/ఎఫ్ మోడ్‌లోనే (ఫ్రీక్వెన్సీతో పాటే వోల్టేజి పెరిగే మోడ్) పెట్టండి. ఆటోట్యూన్ చేయబోతే ఎర్రర్ చూపుతుంది, ఇంత గాలి ఖాళీ ఉన్న మోటారు దానికి అర్థం కాదు. 10 నుంచి 35 హెర్ట్‌జ్‌కి 0.2 సెకన్లలో ఎక్కాలి, 0.4 సెకన్లకు ఆగిపోవాలి. నేరుగా 35తో మొదలుపెడితే స్లిప్ (అలల వేగానికీ ప్లేటు వేగానికీ తేడా) ఎక్కువై మొదటి తోపే బలహీనం. చివర్లు తెరిచి ఉన్న మోటారు కనుక మూడు ఫేజుల కరెంట్లు సమానంగా రావు, అవుట్‌పుట్ ఫేజ్ లాస్ ట్రిప్‌ని ఆఫ్ చేయండి. రెండు పక్కలా కలిపి 12 ఆంపియర్ల దాకా లాగుతుంది, డ్రైవు ఓవర్‌లోడ్‌లో అది క్షణకాలం సరే. నిమిషం పాటు వదిలేస్తే మాత్రం కాయిల్ 70 డిగ్రీలు పెరుగుతుంది.

ఒక్కో లాంచ్‌కి మీరు ఖర్చు పెట్టేది సుమారు 450 జౌళ్లు, బండికి చేరేది 16. మూడున్నర శాతం, ఆవిరి కాటపుల్ట్ కంటే కాస్త తక్కువ. అసలు యంత్రంలో బండి ఉన్న ముక్క వరకే కాయిళ్లకు కరెంటిస్తారు, మీరు పొడవంతా ఇస్తున్నారు. వైవాలో ఇదే అడుగుతారు.

నిజం చెప్పాలంటే ఈ సైజుకి నిల్వ అక్కర్లేదు, 16 ఆంపియర్ల ప్లగ్గు చాలు. మొదట అలాగే నడిపించండి. నిల్వ చూపించాలంటే 4,700 మైక్రోఫారడ్లు, 450 వోల్టుల కెపాసిటర్లు నాలుగు పారలల్‌గా డ్రైవు డీసీ బస్‌కి (డ్రైవు లోపలి డీసీ లైనుకి) కలపాలి. 325 వోల్టుల దగ్గర అవి 990 జౌళ్లు. డ్రైవు 200 వోల్టుల దగ్గర అండర్ వోల్టేజి చూపి ఆగుతుంది కాబట్టి వాడుకోగలిగేది 617. ఆల్టర్నేటర్ 5,205 దగ్గర ఆగిన కారణమే ఇదీ. చార్జింగ్ బ్రిడ్జి రెక్టిఫయర్‌తో, ముందు వంద వాట్ల పాత ఫిలమెంటు సీరీస్ బల్బు. నింపుతుంటే బల్బు వెలిగి, నిండేకొద్దీ మసకబారుతుంది. ఎగ్జామినర్‌కి చూపడానికి అంతకంటే మంచి మీటరు లేదు. ఈమాల్స్ డిజైన్ లెక్కలోని నాలుగు రోటర్లలో ఉన్న 484 మెగాజౌళ్లను ఈ కెపాసిటర్లతో దాచాలంటే దాదాపు ఇరవై లక్షల కెపాసిటర్లు కావాలి.

325 వోల్టుల డీసీ మనిషిని చంపుతుంది, అదీ ప్లగ్గు పీకాక కూడా. కెపాసిటర్లకు అడ్డంగా 10 కిలోఓమ్‌లు, 25 వాట్ల రెసిస్టెన్స్ ఎప్పుడూ ఉండాలి. దాంతో 50 వోల్టులకు దిగడానికే ఆరు నిమిషాలు. తొందరైతే రెండు 230 వోల్టుల బల్బులు సీరీస్‌లో కలిపి దించండి, స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయకండి. ఈ సర్క్యూట్‌కి మెయిన్స్ నుంచి ఐసొలేషన్ లేదు, మైనస్ తీగ ముట్టుకున్నా షాకే. ల్యాబ్ అసిస్టెంటు లేకుండా ఈ భాగం చేయవద్దు.

బండిని ఆపడం అందరూ చివర్లో గుర్తుచేసుకుంటారు. స్టేటర్ అయిపోయాక ప్లేటు రెండు వరసల నియోడిమియం మాగ్నెట్ల మధ్య నుంచి వెళ్లేలా పెట్టండి, అదే ప్లేటు ఎడ్డీ కరెంటుతో బ్రేక్ అవుతుంది. మాగ్నెట్ బ్రేక్ పూర్తిగా ఆపలేదు, చివర్లో ఫోమ్ ఉండాలి.

వేగం కొలవడానికి ట్రాకు మీద 5 సెం.మీ.కి ఒక గీత గీసి, ఫోన్లో 240 ఫ్రేముల స్లో మోషన్ తీయండి. 8 మీటర్ల వేగమైతే ఫ్రేముకి 33 మి.మీ. జరుగుతుంది. 15 లోపే జరిగితే ఏదో ఒక పక్క స్టేటర్ ఫేజు సీక్వెన్స్ తిరగబడి ఉంటుంది, రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటున్నాయి. ఒక పక్క రెండు తీగలు మార్చి మళ్ళీ చూడండి.