సముద్రపు బాతుల వేట: మొదటిసారి పడవ తీసే ముందు

ప్రశ్న: మేరీల్యాండ్‌లో ఉంటాను, హెచ్‌-1బి వీసా మీద ఉన్నాను. ఈ చలికాలం మా బావమరిదితో కలిసి చెసపీక్ బేలో మొదటిసారి సముద్రపు బాతుల వేటకు వెళ్దామనుకుంటున్నాం. 17 అడుగుల అల్యూమినియం పడవ ఉంది. చెరువుల మీద మామూలు బాతుల వేట రెండేళ్లుగా అలవాటే. కొత్తగా ఏం కావాలి? ఎక్కడ దెబ్బతింటాం?
– ఒక పాఠకుడు, బాల్టిమోర్

జవాబు: ముందు కాగితాలు చూసుకోండి. వలసేతర వీసా ఉన్నవాళ్లు తుపాకీ, తూటాలు దగ్గర పెట్టుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మాత్రం మినహాయింపు ఉంది. లైసెన్సు గడువు తీరి, కొత్తది తీసుకోవడం నాలుగు రోజులు ఆలస్యమైతే, ఇంట్లో ఉన్న తుపాకీయే నేరమవుతుంది. ఆ తేదీ క్యాలెండర్లో రాసి పెట్టుకోండి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ ఇబ్బంది లేదు. రాష్ట్ర నిబంధనలు వేరుగా ఉంటాయి, అవీ చదవాలి. లైసెన్సుతో పాటు హెచ్‌ఐపీ నమోదు (వలస పక్షుల వేట లెక్కల కోసం చేసేది), 25 డాలర్ల ఫెడరల్ డక్ స్టాంపు మీకు తెలిసినవే.

2022-23 సీజన్ నుంచి అట్లాంటిక్ తీరంలో సముద్రపు బాతుల లెక్క మారింది. రోజుకు ఆరు బాతుల్లో ఇవి నాలుగే ఉండాలి. స్కోటర్, ఐడర్, లాంగ్‌టెయిల్డ్ అనే సముద్రపు బాతుల్లో ఏ ఒక్క రకమూ మూడుకు మించకూడదు. ఈ పక్షులు రెండు మూడేళ్లు నిండితేగానీ గుడ్లు పెట్టవు, పిల్లలు బతికేదీ తక్కువే. ఒకసారి తగ్గితే తేరుకోవడానికి చాలా ఏళ్లు పడుతుంది. రాష్ట్రం ఇంకా తగ్గించవచ్చు కాబట్టి ఏటా రాష్ట్ర వేట నిబంధనల పుస్తకం చూడండి. హార్లెక్విన్ బాతును అట్లాంటిక్ తీరంలో అసలు కొట్టకూడదు. లూన్, గ్రీబ్, నీటికాకి దూరం నుంచి బాతుల్లాగే నల్లగా కనబడతాయి. ఇది ఫలానా అని నోటితో చెప్పగలిగేదాకా తుపాకీ ఎత్తకండి.

ఇక అసలు సంగతి గాలి. చెరువు మీద గాలి ఉంటే వేట బాగుంటుంది. బేలో అదే గాలి మనుషుల్ని తీసుకుపోతుంది. మీ పడవకైతే, మొదటిసారికి, వాతావరణ సూచనలో గాలి వేగం 10 నాట్లు (గంటకు సుమారు 18 కిలోమీటర్లు) దాటితే మానేయండి. గాలి ఒక దిక్కున, పోటు గానీ పాటు గానీ దానికి ఎదురుగా ఉంటే తక్కువ గాలికే అలలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి. అప్పుడు నీళ్లు వెనక భాగం మీదుగా పడవలోకి వస్తాయి. అందుకే గాలి సూచన పక్కన పోటు పాటుల వేళలు కూడా పెట్టుకుని చూడాలి. ఒడ్డు దగ్గరే, నది ముఖం చాటునే ఉండండి.

చలికాలపు నీళ్లలో పడితే మొదటి నిమిషం ఊపిరి అందదు. ఆ తర్వాత పది నిమిషాలపాటే చేతులు పనిచేస్తాయి. సుమారు గంటకు స్పృహ పోతుంది. లైఫ్ జాకెట్ సీటు కింద ఉంటే పనికిరాదు, ఒంటి మీద ఉండాలి. వేడర్స్ (ఛాతీ దాకా వచ్చే నీరు చొరని దుస్తులు) వేసుకుంటే నడుం బెల్టు బిగించండి. మోటారు ఆపే తాడు చేతికో, జాకెట్‌కో తగిలించుకోవడం చిన్న పడవలకు 2021 నుంచి చట్టం కూడా. పడవల్లో వాడే వాటర్‌ప్రూఫ్ వీహెచ్‌ఎఫ్ రేడియో ఉండాలి, ఆపదలో పిలవడానికి ఛానల్ 16. ఫోన్‌ను నమ్మకండి. పెట్రోలు మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మిగిలిన వంతు ముట్టుకోకూడదు. ఏ రేవు నుంచి బయల్దేరుతున్నారు, ఎన్నింటికి తిరిగొస్తారు అన్నది ఇంట్లో కాగితం మీద రాసి ఇవ్వండి.

బాతుల్ని ఆకర్షించే బొమ్మ బాతులు, అంటే డెకాయ్‌లు, మన వేటగాళ్లు దీమాలనేవి, ఇక్కడ విడివిడిగా వేయరు. ఒక పొడవాటి తాడుకు ఆరేసి అడుగులకొకటి చొప్పున, రెండడుగుల చిన్న తాళ్లతో, క్లిప్పులతో తగిలిస్తారు. తాడుకు 12 చొప్పున రెండు తాళ్లు మీకు చాలు. 20 అడుగుల లోతులో తాడు 150 అడుగులు ఉండాలి, చివర 10–12 పౌన్ల లంగరు. నీళ్లలో మునిగే తాడే కొనండి. తేలే తాడు ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటుంది. మొదటి రోజు ఎక్కువగా జరిగే ప్రమాదం అదే. తాడుకు ఒక్క లంగరే వేస్తే పడవా, డెకాయ్‌లూ గాలికీ నీటికీ కలిసి తిరుగుతాయి, చిక్కుపడవు.

పడవ గాలి వచ్చే వైపు, డెకాయ్‌లు గాలివాలున ఉండాలి. బాతులు గాలికి ఎదురుగా, నీటిని రాసుకుంటూ వస్తాయి. కూర్చున్న పక్షుల మీదుగా దాటడం వాటికి ఇష్టం ఉండదు, కొంచెం ముందే దిగాలని చూస్తాయి. కాబట్టి వరస పొడుగ్గా సాగదీస్తే అవి తుపాకీకి దూరంగానే దిగిపోతాయి. రెండు తాళ్లనూ పక్కపక్కన వేసి, మధ్యలో దిగడానికి చోటు వదలండి. ఆ చోటు 25 గజాల లోపు ఉండాలి.

పడవ లంగరును ఎప్పుడూ ముందు కొసకే కట్టాలి. వెనక కడితే అల ఎక్కి మునుగుతుంది. తాడు లోతుకు ఐదారు రెట్లు వదలండి. తాడు చివర ఒక తేలే బుంగ కట్టి ఉంచండి. పక్షి పడగానే బుంగను నీళ్లలో వదిలేసి వెళ్లి తెచ్చుకుని, మళ్లీ వచ్చి దానికే కట్టుకోవచ్చు. లంగరు లాగుతూ కూర్చుంటే దెబ్బతిన్న బాతు మునిగి కనబడకుండా పోతుంది. ఇవి గట్టి ప్రాణాలు. 12 గేజ్ తుపాకీ, మూడంగుళాల తూటా, స్టీల్ 2 నంబరు గుళ్లు వాడండి, 35 గజాలు దాటితే కొట్టకండి. పడ్డ బాతు తల ఎత్తి ఉంటే వెంటనే దాని మీదే రెండో తూటా కాల్చాలి. మోటారు పూర్తిగా ఆపి, దాని జోరుకు పడవ కదలడం ఆగాకే కాల్చాలని చట్టం. ఇద్దరూ కూర్చునే కాల్చండి, ఎడమ వైపు ఒకరిది, కుడి వైపు మరొకరిది.

చీకట్లో బయల్దేరాలన్న తొందర వద్దు. స్కోటర్లు పొద్దెక్కాక కూడా ఎగురుతాయి. వెలుతురులో డెకాయ్‌లు వేస్తే సగం కష్టాలు తప్పుతాయి.

ప్రశ్న: స్కోటర్ మాంసం నీచు వాసన వస్తుందంటారు. మసాలాతో పోతుందా?
– న్యూజెర్సీ పాఠకురాలు

జవాబు: ఆల్చిప్పలు తినే పక్షి కాబట్టి వాసన కొవ్వులో, చర్మంలో ఉంటుంది. రొమ్ము ముక్కలే తీసి, తెల్లటి కొవ్వంతా గీకేసి, ఉప్పు నీళ్లలో ఒక రాత్రి ఫ్రిజ్‌లో నానబెట్టండి. నీళ్లు పారబోసి, అల్లం వెల్లుల్లి, మిరియాలతో పెద్ద మంట మీద త్వరగా వేపండి. మెత్తబడాలని ఎక్కువసేపు ఉడికిస్తే కాలేయం రుచి వస్తుంది. ఈ పనంతా ఇంటికి వచ్చాకే. దారిలో ప్రతి పక్షికీ తల గానీ, ఈకలతో ఒక రెక్క గానీ అంటి ఉండాలి, అధికారి జాతిని గుర్తుపట్టేది దాన్ని చూసే.