ఎదుటి జట్టును చదివే పని: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో ఫుట్‌బాల్ క్లబ్బుల్లో ఉండే ‘ఆపోజిషన్ అనలిస్ట్’ గురించి ఒక పేరా రాశాను. వచ్చే మ్యాచ్‌లో ఎదురుపడే జట్టు పాత ఆటలన్నీ ముందుగా చూసి, వాళ్లెలా ఆడతారో కోచ్‌కీ ఆటగాళ్లకీ చెప్పే మనిషి అని. బయటి రాష్ట్రంలో ఒక చిన్న ప్రొఫెషనల్ క్లబ్బులో నేను మూడు సీజన్లు ఆ పనే చేసి అనంతపురం తిరిగొచ్చానని కూడా రాశాను. ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు దాని గురించే.

అక్కా, నాకు ఇరవై ఏళ్లు. పోయినేడు మోకాలి లిగమెంట్ తెగి ఆపరేషన్ అయింది. ఇక ఆడొద్దన్నారు. మీరు రాసింది చదివినప్పటి నుంచి అదే ఆలోచన. చిన్న క్లబ్బులో ఈ పని చేసేవాళ్లు రోజంతా ఏం చేస్తారు? – ఒక పాఠకుడు, ధర్మవరం

తమ్ముడూ, ముందు నీ మోకాలి మాట. జర్మనీకి చెందిన జూలియన్ నాగెల్స్‌మన్‌కు కూడా ఇరవై ఏళ్లకే మోకాలు దెబ్బతిని ఆట ఆగిపోయింది. అప్పుడు ఆగ్స్‌బర్గ్ రెండో జట్టు కోచ్‌గా ఉన్న థామస్ టూహెల్ అతన్ని ఎదుటి జట్ల ఆట చూసి రాసుకురమ్మని పంపాడు. 28 ఏళ్లకు అతను జర్మనీ మొదటి డివిజన్ అయిన బుండెస్‌లీగాలో ఒక జట్టుకు కోచ్. 2023లో జర్మనీ జాతీయ జట్టుకు కోచ్. అందరికీ అలా జరుగుతుందని చెప్పను. కానీ ఆ దారి ఉంది.

ఇక పని. పెద్ద క్లబ్బుల్లో ఎదుటి జట్టును చూసేవాళ్లు వేరు, సొంత జట్టును చూసేవాళ్లు వేరు. కార్నర్లు, ఫ్రీకిక్కుల కోసమే ఒక కోచ్ ఉంటాడు. ఇంగ్లాండులో మూడో, నాలుగో డివిజన్లకు దిగితే చాలాచోట్ల ఇదంతా ఒక్కరి నెత్తినే పడుతుంది. మహా అయితే యూనివర్సిటీ నుంచి నేర్చుకోవడానికి వచ్చిన ఒక విద్యార్థి తోడుంటాడు. ఆ డివిజన్లలో ఒక్కో జట్టు సీజన్‌కు 46 లీగ్ మ్యాచ్‌లు ఆడాలి. శనివారం ఒకటి, మంగళవారం ఇంకొకటి పడిందంటే మధ్యలో చదవడానికి మిగిలేది రెండు రోజులే.

మా క్లబ్బులో ఆ ఒక్కదాన్ని నేను. పొద్దున ప్రాక్టీసు వీడియో తీసేది నేనే, నీళ్ల సీసాలు నింపిన రోజులూ ఉన్నాయి. మధ్యాహ్నం గదికొచ్చి ఎదుటి జట్టు చివరి నాలుగు మ్యాచ్‌లు పెట్టుకునేదాన్ని. రెండు వాళ్ల ఊళ్లో ఆడినవి, రెండు బయట ఆడినవి. చాలా జట్లు ఇంట్లో ఒకలా ఆడతాయి, బయట ఇంకోలా. మొదటిసారి ఆపకుండా చూడాలి. రెండోసారి ఆపి ఆపి. బంతి పోగానే మొదటి ఐదు సెకన్లలో వెంటపడతారా, వెనక్కి పరిగెత్తుతారా? బంతి దొరకగానే ఎవరి కోసం తల ఎత్తి చూస్తారు? కార్నర్లు, ఫ్రీకిక్కులు, పక్కగీత దాటిన బంతిని చేతులతో లోపలికి విసిరే త్రోలు మళ్లీ విడిగా. గంటన్నర ఆటకు నాకు నాలుగు గంటలు పట్టేది.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. ఈ పని ఏమిటో నాకు అర్థమైంది దానివల్లే. మొదటి సీజన్, మూడో మ్యాచ్. ఇరవై నాలుగు స్లైడ్లు తయారుచేసి గురువారం సాయంత్రం నలభై నిమిషాలు చెప్పాను. పావుగంట దాటాక కుర్రాళ్ల కళ్లు గోడ గడియారం మీదికి పోతున్నాయి. చూశాను, అయినా ఆపలేదు. పందొమ్మిదో స్లైడులో ఒక త్రో ఉంది. వాళ్ల లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమవైపు డిఫెండర్, బంతిని చొక్కాతో తుడిచాడంటే గోల్ ముందుకే దూరంగా విసురుతాడు, తుడవకపోతే పక్కనున్నవాడికి ఇస్తాడు. నేను చూసిన ఆటల్లో ఒక్కసారీ అది తప్పలేదు. ఆదివారం, 71వ నిమిషం. నేను స్టాండ్ పైమెట్టు మీద కెమెరా పక్కన ఉన్నా. అతను చొక్కా అంచు చేతిలోకి తీసుకుని బంతిని ఒకసారి తుడిచాడు, మళ్లీ తిప్పి తుడిచాడు. నాకు నోరు ఎండిపోయింది. మావాళ్లంతా పక్కనున్నవాడి మీదికే వెళ్తున్నారు. బంతి గాల్లో వచ్చింది, ఎవరిదో తల తగిలింది, గోల్. ఒకటి-సున్నాతో ఓడిపోయాం. బస్సులో మా కెప్టెన్ వచ్చి పక్కన కూర్చుని, “అక్కా, ఇది నువ్వు చెప్పావని గోల్ పడ్డాకే గుర్తొచ్చింది” అన్నాడు. అతను నన్ను తప్పుపట్టలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర లేదు. నిజమే, చెప్పాను. ఇంకో ఇరవై మూడు స్లైడ్ల కింద పూడ్చిపెట్టి చెప్పాను.

తర్వాత మీటింగ్ పన్నెండు నిమిషాలు దాటనివ్వలేదు. జట్టు మొత్తానికి మూడు విషయాలే. మా జట్టులో మిజో, మణిపురి, మలయాళం, బెంగాలీ మాట్లాడేవాళ్లున్నారు కాబట్టి మాటలు తగ్గించి, చిన్న వీడియో ముక్కలు, వాటి మీద బాణం గుర్తులు. మైదానం అంచున దాడి చేసే వింగర్‌కు, అతనికి ఎదురుపడే బ్యాక్ ఎవరో ఆ ఒక్కడి ముక్కలే ఫోన్‌కు పంపేదాన్ని. కార్నర్లలో ఎవరు ఎవర్ని పట్టుకోవాలో ఒక ఏ-ఫోర్ కాగితం మీద వేసి డ్రెస్సింగ్ రూమ్ తలుపు లోపలివైపు అంటించేదాన్ని, బయటికి వెళ్తూ చివరగా కంటపడేది అదే కావాలని. మిగతాదంతా కోచ్ ఫైలులో ఉండేది. నాలుగు రోజులు చూసినదాంట్లో ముప్పావు వంతు పక్కన పెట్టేయాలి. బాధగానే ఉంటుంది. జీతం ఇచ్చేది దానికే.

నువ్వు మొదలుపెట్టడానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. మ్యాచ్ వీడియోను ముక్కలు చేసి గుర్తులు పెట్టుకునే లాంగోమ్యాచ్ లాంటిది నేర్చుకుంటే చాలు, మొదట్లో అదీ లేకుండా నోటుపుస్తకంతో చెయ్యి. ధర్మవరం నుంచి గంట బస్సు ప్రయాణం, ఇక్కడ ఆర్డీటీ మైదానంలో మ్యాచ్ ఉన్నప్పుడు రా. ఒకే జట్టును మూడుసార్లు చూడు. ఒక్క పేజీ రాసి, వాళ్లతో ఆడబోయే కోచ్‌కు చూపించు. ఆయన అడిగే ప్రశ్నల్లోంచే నీ రెండో పేజీ పుడుతుంది.

మేడమ్, నేను హైస్కూల్లో పీఈటీని. మా పిల్లలు జిల్లా పోటీలకు వెళ్తారు. ఎదుటి జట్ల వీడియోలు మాకెక్కడ దొరుకుతాయి? – ఒక ఉపాధ్యాయుడు, ఆదోని

దొరకవు సార్. మీరే తీయాలి, లేదా రాయాలి. ఇంగ్లాండులో చార్లెస్ రీప్ అనే వైమానిక దళ ఉద్యోగి 1950 మార్చి 18న స్విండన్ టౌన్ మ్యాచ్‌లో నోటుపుస్తకం, పెన్సిల్ పట్టుకుని ఆటను గుర్తులుగా రాయడం మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది కింది డివిజన్‌కు పడిపోయే ప్రమాదంలో ఉన్న బ్రెంట్‌ఫర్డ్ క్లబ్బు ఆయన సాయం తీసుకుని గట్టెక్కింది. ఆయన చేసిన పొరపాటు కూడా తెలుసుకోవడం మంచిది. గోల్స్‌లో ఎక్కువ మూడు లేదా అంతకన్నా తక్కువ పాసుల్లోనే వస్తున్నాయని లెక్కగట్టి, బంతిని నేరుగా ముందుకు కొట్టడమే మేలన్నాడు. కానీ ఫుట్‌బాల్‌లో బంతి మూడు పాసులు దాటకుండా పోవడమే ఎక్కువ కదా, గోల్స్ కూడా అక్కడే ఎక్కువ కనిపిస్తాయి. లెక్క తప్పు కాదు, దాన్నుంచి తీసిన అర్థం తప్పు.

మీరు పదో తరగతి పిల్లలిద్దర్ని కూర్చోబెట్టండి. మైదానం బొమ్మ జిరాక్స్ కాగితాలు ఇవ్వండి, పావుగంటకొకటి. ఒకరు బంతిని చూడాలి. రెండోవారు బంతిని అస్సలు చూడకూడదు. బంతి అవతలి కొసన ఉన్నప్పుడు వాళ్ల నలుగురు డిఫెండర్లు ఎక్కడ నిలబడ్డారు, మధ్యలో సందు ఎవరి పక్కన ఉందన్నదే చూడాలి. ఈ రెండో కాగితమే మీకు ఎక్కువ పనికొస్తుంది. ఫోన్‌తో తీసేట్టయితే మేడ మీదికెక్కి, అడ్డంగా పట్టుకుని తీయించండి. కింద గీత పక్కన నిలబడి తీస్తే వీపులు తప్ప ఏమీ కనబడవు.

మా అమ్మాయి బీటెక్ చదివి, ఇంట్లో కూర్చుని ఏదో క్లబ్బుకు ఈ పని చేస్తోంది. రాత్రి రెండింటి దాకా మేలుకుంటుంది. ఇది కూడు పెట్టే పనేనా? – ఒక తల్లి, ప్రొద్దుటూరు

అమ్మా, మీకు దాచకుండా చెబుతాను. చిన్న క్లబ్బుల్లో సీజన్‌కు ఇంతని కాంట్రాక్టు రాస్తారు. కోచ్ మారితే ఆయన మనుషులు కూడా మారతారు. నాకు ఒకసారి రెండు నెలలు జీతం రాలేదు, అడగడానికి నా చేతిలో కాగితం కూడా లేదు. మా నాన్న చెనిక్కాయలు అమ్మిన డబ్బులోంచి గది అద్దెకు పంపాడు. అందుకే మీ అమ్మాయితో ఒక్క మాట గట్టిగా చెప్పండి, పనికి ముందు కాగితం రాయించుకోమని. నెలకెంత, ఏ తారీఖున, ల్యాప్‌టాప్ ఎవరిది, మ్యాచ్ వీడియోల చందా ఎవరు కట్టాలి, అన్నీ అందులో ఉండాలి. ‘అనుభవం వస్తుంది’ అంటూ ఊరికే చేయించుకునేవాళ్లకు ఒక సీజన్ కంటే ఎక్కువ ఇవ్వొద్దు. ఈ విద్య ఫుట్‌బాల్‌కే పరిమితం కాదు, కబడ్డీ, హాకీ జట్లకూ కావాలి. రాత్రి రెండంటారా, మ్యాచ్ ముందు రెండు రోజులు తప్పదు. రోజూ అయితే మాత్రం తను అవసరమైనదానికంటే ఎక్కువ చేస్తోందని అర్థం. పై ధర్మవరం జవాబు తనతో చదివించండి.

ఇది దొంగచాటుగా చూడటం కాదా? – గుంతకల్లు పాఠకుడు

ఆడిన మ్యాచ్ చూడటంలో దొంగతనమేం లేదు. ప్రాక్టీసు చాటుగా చూడటం వేరు. 2019 జనవరిలో ఇంగ్లాండు క్లబ్బు లీడ్స్ యునైటెడ్ మనిషి ఒకడు, వాళ్లతో ఆడబోయే డెర్బీ కౌంటీ ప్రాక్టీసు మైదానం బయట దొరికాడు. తానే పంపానని లీడ్స్ కోచ్ మార్సెలో బియెల్సా ఒప్పుకున్నాడు. తర్వాత విలేకర్లను పిలిచి, డెర్బీ అంతకుముందు సీజన్లో ఆడిన 51 మ్యాచ్‌లూ తన బృందం చూసిందని, ఒక్కోదానికి నాలుగు గంటలు పట్టిందని తెర మీద చూపించాడు. ఇంత చేసేది తన టెన్షన్ తగ్గించుకోవడానికే అని కూడా అన్నాడు. ఆ మాట నాకు బాగా తెలిసిన మాట. లీడ్స్‌కు 2 లక్షల పౌండ్ల జరిమానా పడింది. మ్యాచ్‌కు ముందు 72 గంటల్లో ఎదుటి జట్టు ప్రాక్టీసు చూడకూడదని కొత్త నియమం వచ్చింది.

అక్కా, నేను గోల్‌కీపర్ని. పెనాల్టీ ఎవరు ఎటు కొడతారో రాసిస్తే గ్రౌండ్లో గుర్తుంటుందా? – తొమ్మిదో తరగతి, కడప

గుర్తుండదు నాన్నా, అందుకే కాగితం. 2006 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్, జూన్ 30, బెర్లిన్. జర్మనీ కీపర్ యెన్స్ లేమన్ అర్జెంటీనా ఆటగాళ్లు పెనాల్టీలు ఎటు కొడతారో రాసిన కాగితాన్ని మేజోడులో పెట్టుకున్నాడు. అందులో ఏడు పేర్లుంటే, నిజంగా కొట్టడానికి వచ్చినవాళ్లలో ఇద్దరే ఆ ఏడుగురిలోవాళ్లు. చివరగా వచ్చిన కాంబియాసో పేరు అందులో లేనే లేదు. అయినా లేమన్ తీరిగ్గా కాగితం తీసి చూసి, మళ్లీ మడిచి పెట్టుకున్నాడు. ఆ కిక్ ఆపాడు, జర్మనీ పెనాల్టీల్లో 4-2తో గెలిచింది.

మా కీపర్‌కు నేను నీళ్ల సీసా మీద తెల్ల టేపు అంటించి రాసిచ్చేదాన్ని, చొక్కా నంబరు, దాని పక్కన ఎటు అని. అతను మలయాళీ. ఇంగ్లీషు చదవడానికి ఒక క్షణం ఎక్కువ పడుతోందన్నాడు. అందుకని మలయాళం అక్షరాల్లో ఆ రెండు మాటలు రాయడం నేర్చుకున్నాను. కుడి అంటే ‘వలత్’, ఎడమ అంటే ‘ఇడత్’. ‘వలత్’ నాకు ఒక్కసారికే పట్టుబడింది. మా నాన్న కాడి కట్టేటప్పుడు కుడివైపు ఎద్దును వలపటెద్దు అంటాడు.